మూసిన ద్వారం, నిలిచిన ధాన్యం: పాకిస్తాన్–ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు నిరోధాలు, మానవతా సహాయం (1947–2025)

ఉపోద్ఘాతం

కరవులు, భూకంపాలు, యుద్ధాల చరిత్రలో సహాయం ఎవరు చేశారు, ఎంత చేశారు అన్న విషయాలకు లభించిన స్థానం, ఆ సహాయం ఏ దారిన వచ్చిందన్న ప్రశ్నకు లభించలేదు. దాత దేశం పేరు, టన్నుల లెక్క, ప్రకటన తేదీ నమోదవుతాయి. రేవు నుండి గ్రామం వరకు సాగిన ప్రయాణం మాత్రం చరిత్రకారుని దృష్టిని అరుదుగా ఆకర్షిస్తుంది. కాని ఆకలితో ఉన్న మనిషికి ప్రకటన తేదీ కంటే లారీ చేరిన తేదీ ముఖ్యం. ఆ రెండు తేదీల మధ్య ఎడం ఎంత, దానికి కారణమేమిటి అన్నది సహాయ చరిత్రలో ప్రధాన ప్రశ్న కావలసి ఉంది.

ఈ ప్రశ్నను పరిశీలించడానికి పాకిస్తాన్–ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దు తగిన క్షేత్రం. 1947 నుండి 2025 వరకు ఈ సరిహద్దు అనేక పర్యాయాలు మూతపడింది. ప్రతి పర్యాయమూ కారణం రాజకీయమో సైనికమో అయింది. ఫలితం మాత్రం రైతు, కూలీ, కాందిశీకుడు, రోగి అనుభవించారు. ఈ నిరోధాలను వరుసగా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. మానవతా సహాయానికి తనదంటూ వేరే దారి లేదు. వర్తకుని సరుకు నడిచే దారినే, అవే లారీలలో, అవే సుంకపు కార్యాలయాల గుండా సహాయం కూడా నడుస్తుంది. అందువల్ల వర్తకాన్ని ఆపి సహాయానికి మాత్రం మినహాయింపు ఇచ్చే విధానం ఆచరణలో ఆలస్యంగా, అసంపూర్ణంగా మాత్రమే ఫలిస్తుంది.

రేఖ, రైలు, రేవు

ఆఫ్ఘనిస్తాన్‌కు సముద్రతీరం లేదు. దక్షిణాన, తూర్పున ఆ దేశానికి అందుబాటులో ఉన్న సహజమైన రేవు కరాచీ. అక్కడ దిగిన సరుకు రెండు దారుల్లో లోపలికి వెళ్తుంది. మొదటిది పెషావర్ మీదుగా ఖైబర్ కనుమ దాటి, తోర్ఖం ద్వారం గుండా జలాలాబాద్, కాబూల్ చేరే దారి. రెండవది క్వెట్టా మీదుగా చమన్, స్పిన్ బోల్దక్ దాటి కాందహార్ చేరే దారి.

ఈ దారులకు అడ్డంగా ఉన్న రేఖ 1893లో గీసినది. బ్రిటిష్ ఇండియా విదేశాంగ కార్యదర్శి మార్టిమర్ డ్యూరాండ్, ఆఫ్ఘన్ అమీరు అబ్దుర్ రెహమాన్ ఖాన్ మధ్య కుదిరిన ఒప్పందం దానికి మూలం. దాదాపు 2,600 కిలోమీటర్ల పొడవున్న ఆ రేఖ పష్తూన్ తెగల నివాస ప్రాంతాలను రెండుగా చీల్చింది. రేఖ వరకు బ్రిటిష్ వారు వేసిన రైలు మార్గాలు సైనిక అవసరాల కోసం వేసినవి. 1890ల తొలినాళ్లకే రైలు చమన్ చేరింది. ఖైబర్ రైలుమార్గం 1925లో లండీ కోతల్ వరకు వచ్చింది. సైన్యాన్ని సరిహద్దుకు చేర్చడానికి నిర్మించిన ఈ మార్గాలే తరువాతి కాలంలో ఆఫ్ఘన్ వర్తకానికి, ఆపైన సహాయ ధాన్యానికి ఆధారమయ్యాయి. 1921 నాటి ఆంగ్లో–ఆఫ్ఘన్ సంధి భారతదేశపు రేవుల గుండా ఆఫ్ఘన్ సరుకు సాగడానికి హక్కు కల్పించింది.

ఈ దారిన బయటికి వచ్చే సరుకు స్వభావాన్ని కూడా గమనించాలి. ద్రాక్ష, దానిమ్మ వంటివి రోజుల్లో చెడిపోయే పండ్లు. ఎండుద్రాక్ష, బాదం, తివాచీలు, ఇంగువ నిలువ ఉండేవి. హైదరాబాదు బేగంబజారులో అమ్మే ఎండు ఫలాలలో, తెలుగువారి పప్పులోకి, పులిహోరలోకి వచ్చే ఇంగువ ముడిసరుకులో ఆఫ్ఘన్ నేల నుండి వచ్చే భాగం చిన్నది కాదు. నిలువ ఉండే సరుకు నెల రోజుల నిరోధాన్ని తట్టుకుంటుంది. తాజా పండు తట్టుకోలేదు. శరదృతువులో ద్వారం మూతపడితే రైతు ఏడాది సంపాదన పోయినట్టే. ఆ రైతు మరుసటి చలికాలంలో సహాయం అర్థించేవారిలో చేరుతాడు. నిరోధానికీ సహాయానికీ ఉన్న సంబంధం ఇక్కడే మొదలవుతుంది.

తొలి నిరోధాలు: 1950, 1955

1947 సెప్టెంబరులో ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ సభ్యత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసిన ఏకైక దేశం ఆఫ్ఘనిస్తాన్. కొద్ది వారాలలో ఆ వ్యతిరేకతను ఉపసంహరించుకున్నా, డ్యూరాండ్ రేఖను అంగీకరించకపోవడం, పష్తూనిస్తాన్ వాదాన్ని సమర్థించడం కొనసాగాయి. 1950లో పాకిస్తాన్ గుండా ఆఫ్ఘనిస్తాన్‌కు వెళ్లే పెట్రోలియం కొన్ని నెలలపాటు నిలిచిపోయింది. ఆ ఏడాదే కాబూల్ ప్రభుత్వం సోవియట్ యూనియన్‌తో వస్తుమార్పిడి ఒప్పందం చేసుకున్నది. 1955లో పశ్చిమ పాకిస్తాన్ రాష్ట్రాల విలీన ప్రతిపాదనపై కాబూల్‌లో పాకిస్తాన్ రాయబార కార్యాలయంపై దాడి జరిగింది. సరిహద్దు ఐదు నెలలు మూతపడింది. ఆ ఏడాది చివర సోవియట్ నాయకులు బుల్గానిన్, క్రుశ్చేవ్ కాబూల్ వచ్చి 10 కోట్ల డాలర్ల రుణం ప్రకటించారు.

దక్షిణపు దారి మూతపడిన ప్రతిసారీ ఉత్తరపు దారి విస్తరించడం ఈ రెండు ఘట్టాలలో కనిపిస్తుంది. ఆ విస్తరణ కొత్త రోడ్లను తెచ్చింది. వాటితోపాటు కొత్త పరాధీనతనూ తెచ్చింది.

1961–63: సహాయపు సరుకు దారిలో నిలిచిన కాలం

1961 ఆగస్టులో పాకిస్తాన్ తన భూభాగంలోని ఆఫ్ఘన్ కాన్సులేట్లను, వాణిజ్య ప్రతినిధి కార్యాలయాలను మూసివేయాలని నిర్ణయించింది. సెప్టెంబరులో దౌత్య సంబంధాలు తెగిపోయాయి. సరిహద్దును ఎవరు మూశారన్న దానిపై ఇరుపక్షాల వాదనలు వేరు. దారి తెరిచే ఉన్నదని పాకిస్తాన్ అన్నది. తమ వాణిజ్య కార్యాలయాలు లేనిదే సరుకు విడిపించడం సాధ్యం కాదని ఆఫ్ఘన్ ప్రధాని మహమ్మద్ దావూద్ ఖాన్ ప్రభుత్వం అన్నది. ఈ వివాదం చరిత్రకారునికి ఒక విలువైన ఆధారం. దారి అంటే కేవలం రోడ్డు కాదు. సరుకు అప్పగించేవాడు, అందుకునేవాడు, కాగితంపై సంతకం చేసేవాడు ఉంటేనే అది దారి. అడ్డుకట్ట ఎత్తి ఉన్నా, సంతకం చేసేవాడు లేకపోతే సరుకు కదలదు.

అది పండ్ల కోతల కాలం. భారతదేశానికి వెళ్లవలసిన ద్రాక్ష, దానిమ్మలలో కొంత భాగాన్ని విమానాల ద్వారా తరలించారు. కొంత సోవియట్ యూనియన్ కొన్నది. అయితే విమానం మోయగలిగినది లారీలు మోసే దానిలో స్వల్ప భాగమే. శీతకాలంలో సింధు మైదానాలకు దిగి, వేసవిలో ఆఫ్ఘన్ కొండలకు తిరిగి వెళ్లే సంచార పశుపాలకుల రాకపోకలకు కూడా ఆ సంవత్సరమే ఆటంకం కలిగింది. తరతరాలుగా పత్రాలు లేకుండా సాగిన వారిని పత్రాలు చూపమన్నారు.

సహాయ చరిత్ర దృష్ట్యా ఈ ఘట్టంలో ముఖ్యమైనది అమెరికా పంపిన సరుకు స్థితి. అభివృద్ధి పథకాల యంత్రాలు, నిర్మాణ సామగ్రి పాకిస్తాన్‌లోనే పేరుకుపోయాయి. అధ్యక్షుడు కెనెడీ 1961 శరత్కాలంలో లివింగ్‌స్టన్ మర్చంట్‌ను ప్రత్యేక దూతగా పంపినా రాజీ కుదరలేదు. చివరికి 1962 జనవరి నెలాఖరు నుండి ఎనిమిది వారాలపాటు, నిలిచిపోయిన అమెరికా సహాయ సామగ్రి కోసం మాత్రమే ద్వారం తెరిచారు. ఈ సరిహద్దుపై ‘సహాయానికి మినహాయింపు’ అన్న పద్ధతికి ఇది తొలి ప్రధాన ఉదాహరణ. మినహాయింపు గడువు ముగిశాక ఇరాన్ మీదుగా దూరపు, ఖరీదైన దారిని ఆశ్రయించవలసి వచ్చింది. 1963 మార్చిలో దావూద్ ఖాన్ పదవి విడిచాడు. ఇరాన్ షా మధ్యవర్తిత్వంతో మే నెలలో టెహ్రాన్‌లో ఒప్పందం కుదిరి దారి తిరిగి తెరుచుకున్నది.

ఎనిమిది వారాల మినహాయింపు యంత్రాలను దాటించింది. ద్రాక్ష రైతుకు పోయిన పంటను అది తిరిగి ఇవ్వలేదు. సుంకాల ఆదాయంపై ఆధారపడిన ప్రభుత్వ ఖజానాను నింపలేదు. దాత దేశపు సరుకుకు దారి దొరికింది గాని, ఆ దేశ ప్రజలకు దొరకలేదు.

ఒప్పందాలు, వాటి హద్దులు

1965లో పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్‌ల మధ్య సరుకుల రవాణా ఒప్పందం కుదిరింది. సముద్రతీరం లేని దేశాల రవాణా హక్కులపై ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో అంతర్జాతీయ ఒడంబడిక వెలువడింది కూడా అదే సంవత్సరం. 2010లో పాత ఒప్పందం స్థానంలో కొత్తది వచ్చింది. దాని ప్రకారం ఆఫ్ఘన్ లారీలు తమ సరుకును వాఘా వరకు తీసుకుపోయే వీలుండేది. తిరుగు ప్రయాణంలో భారతీయ సరుకును ఎక్కించుకునే వీలుండేది కాదు. ఈ ఒక్క నియమం తరువాతి కాలంలో భారత గోధుమల ప్రయాణాన్ని శాసించింది.

పాకిస్తాన్ అభ్యంతరాలలో కొన్ని నిరాధారమైనవి కావు. ఆఫ్ఘనిస్తాన్ పేరిట సుంకం లేకుండా దిగిన సరుకు తిరిగి పాకిస్తాన్ అంగళ్లకే చేరడం చాలాకాలంగా ఉన్న సమస్య. సరిహద్దు దాటి వచ్చే సాయుధుల దాడులు కూడా వాస్తవమే. అయితే వీటికి ప్రతిచర్యగా ద్వారాన్ని పూర్తిగా మూసివేసినప్పుడు, దొంగ సరుకు కొండదారులు వెతుక్కుంటుంది. కాగితాలు సక్రమంగా ఉన్న గోధుమ బస్తా నిలిచిపోతుంది.

2001, 2011: రెండు మూసివేతల పోలిక

2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత పాకిస్తాన్ సరిహద్దును మూసింది. అప్పటికే మూడేళ్లుగా అనావృష్టితో బాధపడుతున్న ఆఫ్ఘనిస్తాన్‌కు ఆహారం చేర్చడానికి ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం చుట్టూ ఉన్న దేశాలన్నింటి దారులను వెతకవలసి వచ్చింది. ఉత్తరాన ఆము దరియాపై తెర్మెజ్, హైరతాన్‌లను కలిపే స్నేహ వారధి ఉన్నది. 1982లో సోవియట్ సైనిక అవసరాలకు నిర్మించిన ఆ వంతెనను 1990ల చివరిలో ఉజ్బెకిస్తాన్ భద్రతా కారణాలతో మూసివేసింది. మంచు కురిసే కాలం ముంచుకొస్తుండగా మొదట పడవలపై నది దాటించారు; డిసెంబరు 9న వంతెన తెరుచుకున్నది. ఆకలి సెప్టెంబరులోనే ఉన్నది. వంతెన డిసెంబరులో వచ్చింది.

2011 నవంబరు 26న సలాలా వద్ద నాటో దాడిలో 24 మంది పాకిస్తాన్ సైనికులు మరణించారు. నాటో సరఫరాలకు పాకిస్తాన్ ఏడు నెలలకు పైగా దారి మూసింది. ఉత్తరపు దారిన సరుకు తెచ్చుకున్నందుకు నెలకు దాదాపు 10 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చవుతున్నదని నాటి అమెరికా రక్షణ మంత్రి లియోన్ పనెట్టా చెప్పాడు. సంపన్న సైన్యం దారి మారినప్పుడు పెరిగిన ఖర్చు భరించగలదు. సహాయ సంస్థ నిధి ముందే నిర్ణయమై ఉంటుంది. రవాణాకు పెట్టిన ప్రతి అదనపు రూపాయి, కొనవలసిన ధాన్యంలో నుండి తగ్గుతుంది. ఒకే విధమైన మూసివేత రెండు వ్యవస్థలపై ఎంత భిన్నంగా పనిచేస్తుందో ఈ పోలిక తెలుపుతున్నది.

భారత గోధుమలు: దారి మార్చిన రూపం

2002లో భారతదేశం ఆఫ్ఘనిస్తాన్‌కు పది లక్షల టన్నుల గోధుమల సహాయం ప్రకటించింది. పాకిస్తాన్ గుండా గోధుమలు పంపే వీలు లేకపోవడంతో అందులో కొంత భాగాన్ని అధిక మాంసకృత్తులున్న బిస్కట్లుగా మార్చి, ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా పాఠశాల విద్యార్థులకు అందించారు. బిస్కట్లు పిల్లలకు మేలు చేశాయనడంలో సందేహం లేదు. కాని ఇంటిల్లిపాదికీ రొట్టె కావలసిన గోధుమ, బడిపిల్లల చిరుతిండిగా మారడానికి కారణం పోషకాహార శాస్త్రం మాత్రమే కాదు, దారి లేకపోవడం కూడా.

ప్రత్యామ్నాయంగా భారతదేశం ఇరాన్ దారిని నిర్మించుకున్నది. ఇరాన్ సరిహద్దు వైపు సాగే జరంజ్–దెలారామ్ రహదారిని 2009 జనవరిలో ఆఫ్ఘనిస్తాన్‌కు అప్పగించింది. 2016లో చాబహార్ రేవుపై మూడు దేశాల ఒప్పందం కుదిరింది. 2017 అక్టోబరు 29న కాండ్లా రేవు నుండి ఆ మార్గంలో తొలి గోధుమల ఓడ బయలుదేరింది. ఈ దారికి అడ్డు పాకిస్తాన్ కాదు, ఇరాన్‌పై అమెరికా ఆంక్షలు. 2018లో చాబహార్‌కు ఇచ్చిన మినహాయింపును 2025 సెప్టెంబరులో ఉపసంహరించి, తిరిగి ఆరు నెలలకు అనుమతించడం ఆ దారి ఎంత అనిశ్చితమో చూపుతున్నది.

2021లో తాలిబన్లు అధికారానికి వచ్చాక ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. ఆ చలికాలంలో 2.28 కోట్ల మంది తీవ్ర ఆహార అభద్రతకు గురవుతారని ఐక్యరాజ్యసమితి సంస్థలు హెచ్చరించాయి. 50,000 టన్నుల గోధుమలు పంపుతామని భారతదేశం అక్టోబరులో ప్రతిపాదించింది. నవంబరులో పాకిస్తాన్ సూత్రప్రాయంగా అంగీకరించింది. ఆ తరువాత ఎవరి లారీలలో పంపాలన్న చర్చ సాగింది. చివరికి ఆఫ్ఘన్ లారీలు అట్టారీ వచ్చి ఎక్కించుకునే పద్ధతి కుదిరింది. 2022 ఫిబ్రవరి 22న 50 లారీలలో 2,500 టన్నులు బయలుదేరి తోర్ఖం మీదుగా జలాలాబాద్ దారి పట్టాయి. అక్టోబరులో గిడ్డంగిలో సిద్ధంగా ఉన్న గోధుమ కదిలే నాటికి, ఏ చలికాలం కోసం ప్రతిపాదించారో ఆ చలికాలం ముగింపుకు వచ్చింది.

అదే ఏడాది జూన్‌లో పక్తికా, ఖోస్త్ ప్రాంతాలలో వేయికి పైగా ప్రాణాలు తీసిన భూకంపం సంభవించినప్పుడు భారతదేశం రెండు విమానాలలో 27 టన్నుల సామగ్రి వెంటనే పంపింది. తక్షణ చికిత్సకు, గుడారాలకు విమానం తగినది. కాని ఒక్క లారీల వరుస మోసిన 2,500 టన్నులతో ఈ 27 టన్నులను పోల్చితే, ఆకాశమార్గం భూమార్గానికి ప్రత్యామ్నాయం కాలేదన్నది తేటతెల్లమవుతుంది.

2025: రెండు సరిహద్దులు మూతపడిన సంవత్సరం

2025 ఏప్రిల్‌లో పహల్గాం దాడి తరువాత అట్టారీ–వాఘా దారి మూతపడింది. ఆఫ్ఘన్ సరుకుతో దారిలో చిక్కుకున్న 160 లారీలకు మే నెలలో ప్రత్యేక అనుమతి ఇచ్చారు. ఆగస్టు 31న కునార్ ప్రాంతంలో వచ్చిన భూకంపంలో 2,200 మందికి పైగా మరణించారు. అదే ఏడాది ఇరాన్, పాకిస్తాన్‌ల నుండి ఇరవై లక్షలకు పైగా ఆఫ్ఘన్లు స్వదేశానికి తిరిగి వచ్చారు. వారిలో చాలామంది తమ ఇష్టంతో వచ్చినవారు కారు. భూకంప బాధితులు శిథిలాల నడుమ చలికాలానికి సిద్ధపడుతున్న వేళ, అక్టోబరు 11–12 తేదీలలో ఇరు సైన్యాల మధ్య ఘర్షణలు జరిగి తోర్ఖం, చమన్ ద్వారాలు మూతపడ్డాయి. అక్టోబరు 19న దోహాలో కాల్పుల విరమణ కుదిరినా ద్వారాలు వర్తకానికి తెరుచుకోలేదు. తుపాకులు ఆగిన తరువాత కూడా దారి మూసి ఉండవచ్చని ఈ సంఘటన తెలుపుతున్నది.

నష్టం ఒకవైపే జరగలేదు. పాకిస్తాన్‌లో టమాటా ధర కిలో సుమారు 600 పాకిస్తానీ రూపాయలకు చేరింది. ఆఫ్ఘనిస్తాన్‌లో మందుల కొరత ప్రధాన సమస్య అయింది. నవంబరులో ఆర్థిక వ్యవహారాల ఉపప్రధాని ముల్లా అబ్దుల్ గనీ బరాదర్ పాకిస్తాన్ దారిపై ఆధారపడటం మానుకోవాలని వర్తకులను కోరుతూ, మందుల దిగుమతికి మూడు నెలల గడువు ప్రకటించాడు. డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంస్థల సహాయ సరుకుకు పాకిస్తాన్ పరిమిత అనుమతి ప్రకటించింది. అప్పటికీ వర్తకపు దారి మూసే ఉంది.

1962 నాటి ఎనిమిది వారాలకూ 2025 నాటి ఈ అనుమతికీ పోలిక స్పష్టం. రెండింటిలోనూ సహాయపు సరుకును వర్తకపు సరుకు నుండి వేరుచేశారు. కాని రోగి మందు కొనేది సహాయ సంస్థ వద్ద కాదు, వీధిలోని మందుల దుకాణంలో. సరిహద్దులో మూటలు మోసే కూలీ బతికేది సహాయ ధాన్యంతో కాదు, దినకూలితో. దుకాణం ఖాళీ అయి, కూలి పోయిన తరువాత వారిద్దరూ సహాయపు వరుసలో నిలబడతారు. మినహాయింపు ఒకవైపు బస్తాలను దాటిస్తుంటే, మూసివేత మరోవైపు ఆ బస్తాల కోసం నిలబడేవారి సంఖ్యను పెంచుతున్నది.

సహాయం తగ్గడానికి దారి మూసివేత ఒక్కటే కారణమని చెప్పడం చారిత్రకంగా సరికాదు. మహిళా సహాయ ఉద్యోగులపై తాలిబన్ ప్రభుత్వం 2022 డిసెంబరులో విధించిన నిషేధం, 2025లో అమెరికా సహాయ నిధుల కోత కూడా బలమైన కారణాలే. అయితే నిధులు తగ్గిన కాలంలో దారి ఖర్చు పెరగడం ఆ నష్టాన్ని రెట్టింపు చేసింది.

ముగింపు

ఈ ఎనిమిది దశాబ్దాల చరిత్రలో సరిహద్దు నిరోధం సహాయంపై నాలుగు విధాలుగా పనిచేసింది. ఒకటి, కాలాన్ని హరించింది. అక్టోబరు గోధుమ ఫిబ్రవరిలో కదిలింది. రెండు, ఖర్చు పెంచింది. మూడు, సహాయపు రూపాన్నే మార్చింది. గోధుమ బిస్కట్టు అయింది. నాలుగు, సహాయం అవసరమైనవారి సంఖ్యను పెంచింది. మొదటి మూడింటిని మినహాయింపులతో కొంత సవరించవచ్చు. నాలుగవదానికి వర్తకపు దారి తెరవడం తప్ప పరిష్కారం లేదు.

1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ ఆమోదించిన 46/182 తీర్మానం, విపత్తుకు సమీపంలో ఉన్న దేశాలు సహాయపు రవాణాకు సాధ్యమైనంత వరకు తోడ్పడాలని కోరింది. ‘సాధ్యమైనంత’ అన్న షరతు కొలతను నిర్ణయించే అధికారాన్ని ద్వారం మూసిన ప్రభుత్వానికే వదిలింది. ప్రతి సంక్షోభంలోనూ లారీ ఎవరిది, సంతకం ఎవరిది, గడువు ఎంత అన్న చర్చ మొదటి నుండి మొదలు కావడానికి కారణం ఇదే. ఈ అంశాలను శాంతికాలంలోనే నిర్ణయించి, ఘర్షణ వచ్చినా అమలులో ఉండే స్థిరమైన ఏర్పాటు ఈ సరిహద్దుపై ఏర్పడలేదు. 1961లో కాన్సులేట్ కార్యాలయం కోసం మొదలైన తగవు, 2022లో లారీ యాజమాన్యం గురించిన చర్చ, 2025లో సహాయ సరుకు అనుమతి కోసం జరిగిన నిరీక్షణ ఒకే లోపానికి మూడు రూపాలు. ఆ లోపం సవరించనంత కాలం, దాతలు ఎంత ధాన్యం ప్రకటించినా, అది చేరే తేదీని నిర్ణయించేది తోర్ఖం, చమన్ ద్వారాలే.